పదకొండు అల్మారాల ఇల్లు

ఇల్లు చూడ్డానికి పోతే దస్తగిరమ్మ వంటిల్లు చూడదు, నీళ్ళ సంగతి అడగదు, దొడ్డి ఎంత దూరమో విచారించదు. గడప దాటగానే గోడల వంక చూస్తుంది. గోడలో తలుపులున్న అల్మారాలు ఎన్నున్నాయో వేలితో లెక్కపెడుతుంది. రెండో మూడో ఉంటే "సరేలేప్పా" అని చెంగు దులుపుకుని వచ్చేస్తుంది. ఆ ఏడు, అంటే డెబ్బై తొమ్మిదిలో, ఆదోనిలో ఆమె అలా చూసి వదిలేసిన ఇళ్ళు పద్నాలుగు. భర్త నబీ సాబ్ జిన్నింగు మిల్లు నుంచి ఒంటి నిండా దూది పింజలతో ఇంటికొచ్చి, "మనకుండేవి రెండు ట్రంకు పెట్టెలు. అల్మారాలేం జేసుకుంటావే?" అని నెత్తి కొట్టుకునేవాడు.

ఆమెకు పిచ్చేమీ లేదు. ఆమెది బొంతలు కుట్టే పని. పాత చీరలు నాలుగైదు పొరలు పరిచి, దబ్బనంతో దగ్గర దగ్గరగా కుట్టు వేస్తే బొంత అవుతుంది. కన్నడం వైపు వాళ్ళు దాన్నే కౌది అంటారు. చుట్టుపక్కల వీధుల్లో ఎవరింట్లోనైనా పెద్దామె పోతే, దినాలు అయిన మర్నాడు ఆమె కట్టిన చీరలు మూటగట్టి దస్తగిరమ్మకు తెచ్చి ఇస్తారు. అవి బొంతై తిరిగి ఇంటికి వస్తే మనవళ్ళు, మనవరాళ్ళు కప్పుకుంటారు. బొంత కాకముందు మాత్రం ఆ మూటను ఎవరూ ఇంట్లో ఉంచుకోరు. పోయిన మనిషి చీర కోసం వెనక్కి వస్తుందని భయం. అంత భయం ఉన్నవాళ్ళందరి మూటలూ తన ఇంట్లో పెట్టుకుని దస్తగిరమ్మ ఇరవై ఏళ్ళుగా హాయిగా నిద్రపోతోంది.

ఆ పనికి ఒకే ఒక నియమం ఉంది. ఒక ఇంటి చీర ఇంకో ఇంటి బొంతలో కలవకూడదు. పోయిన ఎండాకాలం అదే జరిగింది. గుట్ట కింద వాళ్ళుండే ఒంటి గదిలో ఎలుకలు పడి మూటగుడ్డలు కొరికేస్తే, చీరలన్నీ ఒకదాని మీద ఒకటి జారి పడ్డాయి. దస్తగిరమ్మ ఏరి ఏరి మళ్ళీ కట్టింది గానీ, హులిగమ్మ వాళ్ళమ్మ కట్టిన వంగపండు రంగు ఎమ్మిగనూరు చీర పోయి భీమప్ప వాళ్ళ బొంతలో కూర్చుంది. ఆ బొంతను భీమప్ప ఇంటి గోడ మీద ఎండకు వేస్తే, నీళ్ళకు పోతున్న హులిగమ్మ అంచు చూసి గుర్తుపట్టింది. బిందె అక్కడే పెట్టి, "మా యమ్మ మీ ఇంట్లో ఎందుకు పండుకోవల్ల?" అని వీధి వీధంతా వినేట్టు ఏడ్చింది. దస్తగిరమ్మ ఆ బొంతను ఇంటికి తెచ్చుకుని, తను వేసిన కుట్లన్నీ తనే ఒక్కొక్కటిగా విప్పింది. పన్నెండు రోజులు పట్టింది. పన్నెండో రోజు దబ్బనం పక్కన పెట్టి, ఇంటికొక అర దొరికితేనే ఈ పని, దొరక్కపోతే దబ్బనం ముట్టేది లేదని మొగుడితో చెప్పింది. చెప్పిందంటే చెప్పిందే.

ఇళ్ళ వేట అప్పుడు మొదలైంది. అల్మారాలున్న ఇళ్ళు ఉన్నవాళ్ళవి. ఉన్నవాళ్ళకు పేర్ల పట్టింపు. బజారు వెనక ఒకాయన, "మీరు తురకోళ్ళు గదమ్మా" అన్నాడు. సరేనని మసీదు పక్క వీధికి పోతే మహమ్మద్ అలీ అనే పెద్దమనిషి, "దూదేకులోళ్ళు మీరు, ఉర్దూ ఒక్క ముక్క రాదు, మీరేం ముసల్మానులమ్మా" అన్నాడు. దస్తగిరమ్మ ఇద్దరికీ ఒకటే జవాబు ఇచ్చింది.

"నేనడిగింది గోడలు. మీ గోడలు ఏ బాస మాట్లాడతాయో సెప్పండి, నేర్సుకోనొస్తా."

ఇల్లు మాత్రం ఇద్దరూ ఇవ్వలేదు.

చివరికి శేషగిరి శెట్టి ఇల్లు దొరికింది. శేషగిరిది గింజల అంగడి. వాళ్ళ నాయన బతికున్న రోజుల్లో చీరల వ్యాపారం పెద్దగా చేసేవాడు. తమ ఇంటి వెనక సందులో సరుకు దాచడానికే ఒక ఇల్లు కట్టించాడు. రెండు గదులు, ఒక వసారా, ముందర చిన్న అరుగు, గోడలకు టేకు తలుపుల అల్మారాలు పదకొండు. ఆయన పోయాక చీరల వ్యాపారం మూతపడింది. ఇల్లు బాడుగకిస్తే ఎవరూ నిలవలేదు. మంచం వేస్తే అల్మారా తలుపు తెరుచుకోదు, పటం తగిలించడానికి జానెడు గోడ లేదు అని ముగ్గురు ఖాళీ చేసి పోయారు. దస్తగిరమ్మ లోపలికి అడుగుపెట్టి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ పదకొండు దగ్గర ఆగి, కళ్ళు తుడుచుకుంది. మొదటి అల్మారా తెరిచి, అరలో చెయ్యి పెట్టి మూలమూలా తడిమి చూసింది. ఎలుక దూరే సందు లేదు.

"ఇన్ని అల్మారాల్లో ఏం పెట్టుకుంటావమ్మా?" అన్నాడు శేషగిరి నవ్వుతూ.

"చీరలప్పా."

"పదకొండింటికీనా?"

"ఇంకొకటుంటే దానిక్కూడా."

ఆమె అబద్ధం చెప్పలేదు. అతనే తనకు తోచినట్టు అనుకున్నాడు. ఇంటికి పోయి తల్లి లక్ష్మీదేవమ్మతో, వచ్చిన ఆడమనిషి చూడ్డానికి అట్లుంది గానీ పదకొండు అల్మారాల చీరలున్నాయంట అని చెప్పాడు. నమ్మినందుకు అతన్ని తప్పుబట్టలేం. చీరల వ్యాపారి కొడుక్కి చీరలంటే కట్టుకునేవే గుర్తొస్తాయి.

నెల తిరిగేసరికి దస్తగిరమ్మ జాతకం మారిపోయింది. అల్మారాకు నాలుగు అరలు, అరకు ఒక ఇల్లు. ఒక్కో ఇంటి మూటకు ఒక్కో రకం ముడి. చదువు రాని ఆమెకు ముడులే అక్షరాలు. పొద్దున వసారాలో ఎండ పడేవేళ కావలసిన మూట దించుకుని, కాళ్ళు చాపి కూర్చుని కుడుతుంటే ఆమెను చూసి నబీ సాబ్‌కు కూడా సంతోషం వేసింది. "ఇల్లు బాగుందే," అని ఒప్పుకున్నాడు. మంచానికి చోటు చాలక అతను వసారాలో చాప మీద పడుకుంటున్నాడు, అది వేరే సంగతి.

ఒక మధ్యాహ్నం లక్ష్మీదేవమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి. మొగుడు పోయి పందొమ్మిదేళ్ళు. తెల్ల చీర, బోసి నుదురు, బోసి చేతులు. గడప దాటేటప్పుడు ఉన్న పెద్దరికం ఇంటామె పెద్దరికమే గానీ, కళ్ళలో ఉన్నది మాత్రం చిన్నపిల్ల ఆశ.

"నీ చీరలు చూపిస్తావా?" అంది.

దస్తగిరమ్మ సంబరంగా అల్మారా తెరిచింది. ముసలామె ఒక మూట ముడి కొంచెం వదులు చేసి, చీర కొసను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపింది. ముఖం వెలిగిపోయింది. "ఇది ఎమ్మిగనూరు నేతే. కట్టి కట్టి మెత్తబడింది సూడు, వెన్నగుంది. నీదేనా?"

"నాదేడిదమ్మా. తిమ్మమ్మది. రేవు కాడ తిమ్మమ్మ లేదా? పోయిన నెల్లో పోయింది."

లక్ష్మీదేవమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఇది?"

"హనుమక్క అత్తది."

"అది?"

"పేర్లు సెప్తాపోతే పొద్దుగూకుతాది పెద్దమ్మా. అందరూ పోయినోళ్ళే."

ముసలామె ఒక్కో అల్మారా వంకా చూసుకుంటూ గోడను తాకకుండా బయటికి నడిచింది. ఇంటికి పోయి నెత్తిన నీళ్ళు పోసుకుంది. ఆ రోజు అన్నం తినలేదని తర్వాత తెలిసింది.

సోమవారం పొద్దున్నే శేషగిరి వచ్చాడు. చేతిసంచిలో పదకొండు తాళాలున్నాయి.

"ఇంట్లో ఉండు, నేనేమీ పొమ్మనడం లేదు," అన్నాడు. "అల్మారాలు మాత్రం మావి. మా యమ్మకు నిద్ర పట్టడం లేదు. సచ్చినోళ్ళంతా మా ఇంటి గోడల్లో ఉండారంట."

దస్తగిరమ్మ ఒళ్ళో బొంత దించలేదు. "నాకు పండుకునేకి చోటు ల్యాక నీ కాడికొచ్చినానా అప్పా? ఊర్లో ఇండ్లు సచ్చినాయా? అల్మారాల కోసం కదా వచ్చింది. తాళమెయ్యాలంటే వసారాకెయ్యి, వంటింటికెయ్యి. నేనూ మా ఆయనా అల్మారాలో పండుకుంటాం."

"మాటలొద్దు. సాయంత్రంలోగా మూటలన్నీ తీసి యాడన్నా పెట్టుకో."

"తియ్యను."

"తియ్యకపోతే లోపలుండగానే తాళమేస్తా."

"వేసుకో. ఒక మాట గుర్తు పెట్టుకో శెట్టీ. అవి నా చీరలు కావు. మందివి. వాళ్ళొచ్చి అడిగితే జవాబు నువ్వే సెప్పల్ల."

శేషగిరికి కోపం వచ్చింది. సాయంత్రం దాకా కూడా ఆగకుండా అప్పుడే పదకొండు గొళ్ళేలకూ పదకొండు తాళాలు వేసి, తాళంచెవుల గుత్తి మొలకు దోపుకుని పోయాడు.

నబీ సాబ్ మిల్లు నుంచి వచ్చి తాళాలు చూశాడు. "పోదాం పావే. మన గుట్ట కింద గది ఇంకా ఖాళీగానే ఉంది," అన్నాడు మెల్లగా. మంచివాడు. గొడవంటే ఆమడ దూరం.

"పోతే ఎలకల్లోకే కదా పోయేది. నేను ఎలకల్లోకి పోను. పోయినామంటే నా పని ఇంతటితో సరి. మళ్ళా ఒకరి తల్లిని ఇంకొకరింట్లో పండబెట్టి, ఆ ఏడుపు నేను వినలేను. ఈ ఇల్లు వదల్ను." అంది గానీ దస్తగిరమ్మకు భయం లేకపోలేదు. దబ్బనం పట్టకపోతే తనేమిటో ఆమెకు తెలియదు. అయినా తాళాలు తియ్యమని పోయి బతిమాలేది లేదు అనుకుంది.

మంగళవారం పొద్దున హులిగమ్మ వచ్చింది. కూతురికి నొప్పులు రావడానికి ఇంక పది రోజులే ఉన్నాయి, పుట్టే బిడ్డను పండబెట్టడానికి అమ్మ బొంత ఎంతవరకొచ్చింది అంది. దస్తగిరమ్మ తాళం వైపు చూపించింది.

"మీ యమ్మ లోపలుంది. చెవి శెట్టి మొలలో ఉంది. పోయి అడుగు."

హులిగమ్మ ఎలాంటిదో మీకు తెలిసిందే. నేరుగా అంగడికి పోయి, గింజలు కొనడానికి వచ్చిన జనం మధ్య నిలబడి, "మా యమ్మనెందుకప్పా లోపలేసి తాళమేసినావు?" అంది. శేషగిరి కంగారుగా లేచి అల్మారాల ఇంటికి వచ్చాడు. అల్మారా తీసి మొదట చేతికందిన మూట ఇచ్చాడు. అది హులిగమ్మది కాదు. రెండోదీ కాదు. "ఏదో నువ్వే సెప్పు," అన్నాడు దస్తగిరమ్మతో.

"అల్మారాలు నీవి గదా, నువ్వే ఎతుక్కో," అని ఆమె గుమ్మంలో కూర్చుని వక్క నమలసాగింది.

అతను తొమ్మిది మూటలు ఎత్తి దించాక పదోది హులిగమ్మ వాళ్ళమ్మది అయింది. చెమటలు తుడుచుకుంటూ ఇంటికి పోతే తల్లి గుమ్మంలోనే ఆపేసింది. పోయిన వాళ్ళ గుడ్డలు ముట్టుకుని వచ్చావు, తలకు పోసుకున్నాకే లోపలికి రా అంది. పోసుకున్నాడు. తల తుడుచుకుని అంగట్లో కూర్చున్నాడో లేదో భీమప్ప వచ్చాడు. తర్వాత హనుమక్క. దస్తగిరమ్మ ఎవరినీ పిలవలేదు. తాళాలు పడ్డాయన్న సంగతి హులిగమ్మ నోట పడింది, అంతే. తమ ఇంటి మూట ఒక మగవాడి చేతుల్లో పడి ఏ మూటతో కలిసిపోతోందోనన్న భయం అందరినీ శెట్టి అంగడికి నడిపించింది.

బుధవారం ఏడుగురు వచ్చారు. ఏడుసార్లు అల్మారాలు తెరవడం, ఏడుసార్లు నెత్తిన నీళ్ళు. ఆదోనిలో కొళాయి రోజు విడిచి రోజు వస్తుంది. గంగాళం, బాన, బిందెలు అన్నీ ఖాళీ అయ్యాయి. వంటకు నీళ్ళు లేవని శేషగిరి పెళ్ళాం కృష్ణకుమారి చెంబు నేలకేసి కొట్టింది. శేషగిరికి జలుబు చేసి, అంగట్లో బేరం చెప్పేటప్పుడు తుమ్మితే, బేరానికి వచ్చిన రైతు శకునం బాగాలేదని లేచిపోయాడు. పైగా రెండు మూటలు తారుమారు చేశాడు. భీమప్ప తమ్ముడు తిరిగి వచ్చి, "ఇది మా యవ్వ కట్టిన రంగు కాదు. మా యవ్వ యాడ?" అని అంగడి ముందు కూర్చుండిపోయాడు.

గురువారం మధ్యాహ్నం శేషగిరి వచ్చి చెవుల గుత్తి అరుగు మీద పెట్టాడు. కళ్ళు ఎర్రగా, ముక్కు ఇంకా ఎర్రగా ఉన్నాయి.

"తియ్యమ్మా. నీ ఇష్టం. ఒక్క అల్మారాకన్నా తాళం ఉండనీ, మా యమ్మకు సెప్పుకునేకి."

"ఒక్కటీ ఉండనీను," అంది దస్తగిరమ్మ. లేచి, అతను చూస్తుండగానే పదకొండు తాళాలూ తీసి, అతని సంచిలోనే వేసి ఇచ్చింది. అతను పోయాక తలుపు దగ్గరగా వేసుకుని కాసేపు ఏడ్చింది. గెలిచినందుకో, మూడు రోజులు బిగబట్టుకున్నందుకో ఆమెకే తెలియదు. ఆపైన తారుమారైన మూటలు సరిచేసుకుంటూ కూర్చుంది.

శుక్రవారం పొద్దున సందులో అలికిడైంది. లక్ష్మీదేవమ్మ. ఒక్కతే వచ్చింది. చంకలో మూట ఉంది. దస్తగిరమ్మ కొంగు బిగించుకుంది, ఇంకో రగడ తప్పదనుకుని.

ముసలామె రగడకు రాలేదు. మూట చాప మీద పెట్టి, తనూ కూర్చుంది. "వీట్ని బొంత కుట్టు," అంది.

దస్తగిరమ్మ ముడి విప్పింది. కలరా ఉండల వాసన గుప్పుమంది. ఆకుపచ్చ పట్టు చీర ఒకటి, కుంకుమ రంగుది ఒకటి, పసుపు నూలు చీరలు మూడు. అన్నీ మడత నలగకుండా ఉన్నాయి.

"ఎవరివి పెద్దమ్మా?"

"ఒకామెవి. పోయి పందొమ్మిదేండ్లయింది."

"ఇన్నేండ్లు ఎవరు దాసినారు?"

"నేనే. పెట్టెలో."

"పేరు సెప్పు. పేరు తెలీకుండా నేను మూట తీసుకోను."

ముసలామె గోడ వంక చూసింది.

"లక్ష్మీదేవి."

దస్తగిరమ్మ చేతిలో చీర అలాగే ఆగింది. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళు మండింది. ముసలామె మీద కాదు. "ఎవురు సెప్పినారు ఆమె సచ్చిపోయిందని?" అంది.

"అందరూ సెప్పినారు. గాజులు పగలగొట్టినోళ్ళు, బొట్టు తుడిసినోళ్ళు. శెట్టి పోయిన పదకొండో దినం ఆమె కూడా పాయె. ఆ చీరలు మళ్ళా కట్టేది లేదన్నారు. నీ అల్మారాలు చూసినప్పట్నుంచి నాకు నిద్ర లేదు. అందరి చీరలకూ ఒక దావ ఉంది, వాటికి లేదు. కుట్టు. నా మనవరాలు కప్పుకుంటాది."

"నేను కుట్టను."

"ఏమి? శెట్లోళ్ళ చీరలైతే దబ్బనం దిగదా?"

"బతికుండేవోళ్ళ చీర నేను కొయ్యను, కుట్టను. ఇరవై ఏండ్లలో ఒక్కసారి కూడా కుట్టల్యా."

"పోనీ ఏదో ఒక అరలో పెట్టుకో. నా పెట్టెలో వద్దు."

దస్తగిరమ్మ లేచింది. మొదటి అల్మారా తలుపు తెరిచింది. నిండుగా ఉంది. రెండోది, మూడోది, అలా పదోదాని దాకా ధన్ ధన్‌మని తెరుచుకుంటూ పోయింది. పదకొండోదాంట్లో రెండు అరలు ఖాళీ. దస్తగిరమ్మ ఆ తలుపుకు వీపు ఆనించి నిలబడింది.

"చోటు లేదు," అంది.

"అది తియ్యలేదే."

"అదీ నిండింది. ఇది సచ్చినోళ్ళ ఇల్లు పెద్దమ్మా. నీకు ఈడ ఒక్క అర కూడా ఇవ్వను. నీ ఇల్లే అయినా ఇవ్వను."

లక్ష్మీదేవమ్మ చూపు దించి, చీరలు మళ్ళీ మూటగట్టింది. ముడి వెయ్యబోయి ఆగింది. ఆకుపచ్చ చీర ఒక్కటి పైకి లాగి, కొసను వేళ్ళ మధ్య నలిపి చూసింది. ఉన్నట్టుండి లేచి నిలబడి, తెల్ల చీర మీదనే దాన్ని చుట్టుకోవడం మొదలుపెట్టింది. కుచ్చిళ్ళు పెట్టడం చేతులు మరిచిపోలేదు. పైట సరిచేసుకుని, దస్తగిరమ్మ వంక చూడకుండా బయటికి నడిచి, అరుగు మీద కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చుంది.

సందులో నీళ్ళకు పోయే ఆడవాళ్ళు ఆగారు. బిందెలు చంకలో ఉండగానే ఒకరితో ఒకరు ఏదో అనుకున్నారు. ఎవరు పోయి చెప్పారో, శేషగిరి అంగడి వదిలేసి పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"అమ్మా, ఏందిది?" అన్నాడు.

"ఆయమ్మ అల్మారాల్లో దీనికి చోటు లేదంట. మళ్ళా పెట్టెలో నేను పెట్టను. అందుకని కట్టుకున్నా."

"లోపలికి రామ్మా. అందరూ చూస్తాండారు."

లక్ష్మీదేవమ్మ పైట కొంగు ఒళ్ళోకి తీసుకుని ఎండకు పరిచింది.

"చూడనీరా. రంగేమన్నా పోయిందేమో వాళ్ళనే అడుగు."